కుక్కపిల్ల ఎడతెగక గోక్కుంటుందా? మందు వేసే ముందు కారణం పట్టుకోండి

కుక్కపిల్ల రోజులో రెండు మూడుసార్లు చెవి గోక్కుంటే కంగారు పడే పని లేదు. ఆట మధ్యలో ఆగి గోక్కుంటున్నా, అన్నం వదిలేసి తోక మొదలు కొరుక్కుంటున్నా, రాత్రంతా కాళ్లు నాక్కుంటూ నిద్రపోకపోయినా దాన్ని జబ్బు కిందే లెక్కవేయాలి. చాలా ఇళ్లలో అప్పుడు జరిగేది ఒకటే. దురద ఇంజెక్షన్ ఒకటి వేయిస్తారు, వారం పది రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఇంజెక్షన్ ఎక్కువగా స్టెరాయిడే. అది దురదను అణుస్తుంది గానీ దురద పుట్టించే పురుగును ఏమీ చేయదు. డెమోడెక్స్ లాంటి పురుగు, తామర ఉన్న పిల్లకైతే స్టెరాయిడ్ వల్ల జబ్బు ఇంకా ముదురుతుంది. అందుకే ముందు వెతకాలి, మందు సంగతి ఆ తర్వాత.

వెతకడానికి ఒక వరుస ఉంది. నాలుగైదు నెలల లోపు పిల్ల అయితే మొదటి అనుమానం ఎప్పుడూ ఒంటిమీది పురుగుల మీదే ఉండాలి: ఫ్లీలు (రక్తం తాగుతూ గెంతే చిన్న పురుగులు), పిడుదులు, పేలు, గజ్జి. వాటి తర్వాత చర్మంలో చేరే బ్యాక్టీరియా, ఈస్ట్ (ఒక రకం బూజు), తామర. ఇవన్నీ కావని తేలాకే తిండి అలర్జీ, దుమ్ము అలర్జీ. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి మొదటిరోజే కోడికూర మానిపిస్తారు. దానివల్ల ఎదిగే పిల్లకు మాంసకృత్తులు అందవు, ఫ్లీలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇంకొక తేడా కూడా ముందే తేల్చుకోండి. మూడున్నర నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. ఆ వయసులో చెప్పులు, కుర్చీ కాళ్లు, మన వేళ్లు కొరకడం పళ్ల వల్ల. తన ఒంటిని తానే కొరుక్కుంటుంటే మాత్రం దురదే.

టీకా వేసిన కొన్ని గంటల్లోనో, కందిరీగ కుట్టాకో మూతి, కళ్ల చుట్టూ ఉబ్బి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఈ వెతుకులాటేదీ వద్దు. వెంటనే పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. వాంతులు, ఆయాసం, నీరసం తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఇంట్లో అరగంట పరీక్ష

కావలసినవి: పేలదువ్వెన, తడిపిన తెల్ల గుడ్డ, గిన్నెలో సబ్బు నీళ్లు, ఫోన్ లైటు, రాసుకోవడానికి ఒక కాగితం. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు స్నానం, నూనె, పౌడర్ ఏవీ వద్దు. కడిగేస్తే ఆనవాళ్లు పోతాయి. దవాఖానకు తీసుకెళ్లే ముందు కూడా ఇదే నియమం. స్నానం చేయించి శుభ్రంగా తీసుకెళ్తే డాక్టర్‌కు దొరికేది తక్కువ.

పిల్లకు కడుపునిండా పెట్టి, మంచి వెలుతురులో తెల్ల గుడ్డ మీద పడుకోబెట్టండి. తోక మొదలు నుంచి ప్రారంభించి నడుము, తొడల లోపల, పొట్ట, మెడ చుట్టూ దువ్వెనను చర్మానికి ఆనించి దువ్వండి. ప్రతిసారీ దువ్వెనను తడి గుడ్డ మీద తుడవండి. నల్లటి రవ్వ లాంటిది రాలి, తడిలో ఇటుక రంగుగా కరిగి పాకితే అది ఫ్లీల రెట్ట. అవి తాగిన రక్తమే అలా బయటికొస్తుంది. కరగకుండా నల్లగానే ఉంటే మట్టి. ఫ్లీ కంటపడకపోయినా రెట్ట దొరికిందంటే ఫ్లీలు ఉన్నట్టే. వెంట్రుకలకు అంటుకుని, ఊదినా కదలని తెల్ల గుడ్లుంటే పేలు. ఊదితే రాలిపోయేది చుండ్రు. చుండ్రు పొట్టు నడుం మీద కదులుతున్నట్టు కనిపిస్తే అదొక రకం పురుగు. సెల్లోటేపుతో అద్ది, ఆ టేపును గాజు పలక మీద అతికించి డాక్టర్‌కు చూపించండి.

తర్వాత ఎక్కడెక్కడ గోక్కుంటుందో రాసుకోండి. సగం సమాధానం అక్కడే ఉంటుంది. తోక మొదలు, నడుము వెనక, వెనక తొడలు అయితే ఫ్లీలు. చెవి అంచులు, మోచేతులు, వెనక మడమలు, పొట్ట అయితే గజ్జి. కళ్ల చుట్టూ, మూతి మీద, ముందుకాళ్ల మీద వెంట్రుక ఊడిపోయి దురద మాత్రం పెద్దగా లేకపోతే డెమోడెక్స్. చెవి లోపల కాఫీ పొడి రంగు మట్టి, తల విదిలించడం కనిపిస్తే చెవి పురుగులు. పొట్ట, చంకలు, గడ్డం లాంటి వెంట్రుక తక్కువ చోట్ల మాత్రమే ఎర్రగా ఉంటే తగలకూడనిదేదో తగిలింది. పిరుదులు నేలకేసి ఈడుస్తుంటే గుదం పక్కనుండే గ్రంథులు నిండి ఉండొచ్చు, లేదా బద్దె పురుగులు. తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే బద్దె పురుగులే. ఫ్లీలను మింగడం వల్లే ఎక్కువగా ఆ పురుగులు కడుపులోకి చేరతాయి కాబట్టి రెంటికీ కలిపి మందు వేయాలి.

చివరగా ఇంట్లో వాళ్లను అడగండి: ఎవరికైనా చేతుల మీద, నడుము చుట్టూ ఎర్ర పొక్కులు, దురద ఉన్నాయా? ఉంటే గజ్జి అనుమానం బలపడుతుంది. మోకాలి కింద, చీలమండల చుట్టూ కాట్లుంటే ఫ్లీలు. గుండ్రటి మచ్చలుంటే తామర.

ఫ్లీలు: కుక్క మీద కొన్నే, ఇంట్లో బోలెడు

ఫ్లీ గుడ్లు కుక్క మీద నిలవవు, కింద రాలిపోతాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకు నలభై దాకా గుడ్లు పెట్టగలదు. షాబాద్ బండల మధ్య సందులు, మంచం కింద దుమ్ము, గోనెసంచి పరుపు, పశువుల కొట్టం మూల, ఇవన్నీ వాటి పిల్లలకు ఇళ్లు. మన వానాకాలపు వేడి, తేమల్లో గుడ్డు మూడు నాలుగు వారాల్లో పెద్ద పురుగవుతుంది. గూటిలో ఉన్న దశలోనైతే నెలల తరబడి ఆగి, నడకల అదురు, ఒంటి వేడి తగిలినప్పుడు బయటికొస్తుంది. మేడారం జాతరకో సంక్రాంతికో ఇల్లు తాళం వేసి వెళ్లి వచ్చినరోజే కాళ్ల మీద కాట్లు పడటానికి కారణం ఇదే. కుక్కకు ఒకసారి మందు వేసి ‘పని చేయలేదు’ అనుకోవడానికీ ఇదే కారణం. మందు పనిచేసింది, ఇంట్లోంచి కొత్తవి ఎక్కాయి.

కాబట్టి కుక్కకూ ఇంటికీ కలిపి, కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి. పరుపు గుడ్డలు, గోనెలు వారానికోసారి మరిగే నీళ్లలో ముంచి, ఎండలో బాగా ఆరేయండి. ఎండ, పొడి గాలి ఫ్లీ పిల్లలకు పడవు. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని తేలిక, జులైలో కష్టం. బండల సందుల్లో చీపురుతో గట్టిగా ఊడ్చి, ఆ చెత్తను కవర్లో కట్టి బయట పారేయండి. వాక్యూమ్ ఉంటే ఇంకా మంచిది. సందుల్లో సలసల మరిగే నీళ్లు పోయండి. ఇంట్లో చల్లే మందు కొంటే అందులో పైరిప్రాక్సిఫెన్ లేదా మెథోప్రీన్ ఉందో లేదో చూడండి. గుడ్లు, పిల్లలు పెద్దవి కాకుండా ఇవి ఆపుతాయి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకు, పిల్లికి అదే రోజు మందు పడాలి. పిల్లికి మాత్రం పెర్మెత్రిన్ ఉన్న కుక్క మందు ఎప్పుడూ వేయొద్దు, చచ్చిపోతుంది.

కుక్కపిల్లకు వేసే మందు వయసును, బరువును బట్టి. బరువు అంచనా వేయొద్దు. బుట్టలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూచండి. బాగా చిన్న పిల్లలకు ఎక్కువగా వాడేది 0.25 శాతం ఫిప్రొనిల్ స్ప్రే. మోతాదు కిలోకు 3 నుంచి 6 మిల్లీలీటర్లు. 100 మి.లీ. సీసా ఒక నొక్కుకు సుమారు అర మిల్లీలీటరు వదులుతుంది కాబట్టి రెండు కిలోల పిల్లకు 12 నుంచి 24 నొక్కులు. పెద్ద సీసాల్లో ఒక నొక్కుకు వచ్చేది ఎక్కువ, లేబుల్ చూసి లెక్క మార్చుకోండి. ఏ వయసు నుంచి వాడొచ్చన్నదీ అక్కడే చూడండి. చేతులకు గ్లౌజులు వేసుకుని, వెంట్రుకలకు ఎదురుగా రాసి చర్మం తడిసేలా చేయాలి. ముఖానికి స్ప్రే కొట్టకుండా గ్లౌజు మీద చల్లుకుని పూయండి. ఇందులో ఆల్కహాల్ ఉంటుంది: గాలి వచ్చేచోట, పొయ్యికి, అగరొత్తులకు దూరంగా చేయండి, ఆరేదాకా నాక్కోనివ్వొద్దు. మందుకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. ఇదే ఫిప్రొనిల్ కుందేలుకు విషం.

నమిలే మాత్రలు (అఫాక్సోలేనర్, ఫ్లూరలేనర్ లాంటివి) ఫ్లీలకు, పిడుదులకు, గజ్జికి కూడా బాగా పనిచేస్తాయి. చాలావాటికి పిల్ల 8 వారాలు, 2 కిలోలు దాటాలి, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే డాక్టర్‌కు చెప్పకుండా వేయొద్దు.

పిడుదులు దురదకంటే పెద్ద నష్టమే చేస్తాయి. చెవుల లోపల, వేళ్ల మధ్య, మెడపట్టీ కింద చూడండి. సన్న చిమ్టాతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగి సబ్బు నీళ్లలో వేయండి. అగ్గిపుల్ల కాల్చి పెట్టడం, కిరోసిన్ పూయడం, వేళ్లతో నలపడం వద్దు. ఇవి గోడల మీదికి పాకి పగుళ్లలో గుడ్లు పెడతాయి, అందుకే సందులు సిమెంటుతో పూడ్చడం కూడా చికిత్సలో భాగమే. పిల్ల చిగుళ్లు పాలిపోయినా, జ్వరం వచ్చినా, తిండి మానేసినా రక్త పరీక్ష చేయించాలి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిఖియా జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది.

గజ్జి, డెమోడెక్స్: పోలికలున్నా రెండూ వేరు

గజ్జి పురుగు చర్మం పైపొరలో సొరంగాలు తవ్వుతుంది. దురద భరించలేనంతగా, రాత్రిపూట కూడా ఉంటుంది. చెవి చివర అంచును మీ బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని ఐదు సెకన్లు రుద్దండి. అదే వైపు వెనకకాలు దానంతటదే గోకుతున్నట్టు కదిలితే గజ్జి అనుమానం చాలా గట్టిది. వీధికుక్కలతో ఆడిన పిల్లకు, సంత నుంచో ఎవరి దొడ్డి నుంచో కొత్తగా తెచ్చిన పిల్లకు ఇది ముందు గుర్తుకు రావాలి. ఒళ్లంతా కొన్ని పురుగులే ఉండొచ్చు కాబట్టి చర్మం గీకి మైక్రోస్కోపులో చూసినా చాలాసార్లు దొరకవు. ‘ఏం లేదు’ అని రిపోర్టు వచ్చినంత మాత్రాన గజ్జి కాదని తీర్మానించొద్దు. లక్షణాలు కలిస్తే డాక్టర్లు గజ్జికే మందు వేసి చూస్తారు, మూడు నాలుగు వారాల్లో తగ్గితే అదే నిర్ధారణ. ఇంట్లో మిగతా కుక్కలకు దురద లేకపోయినా మందు వేయాలి. మనుషులకు అంటిన పొక్కులు కుక్క బాగయ్యాక ఎక్కువగా వాటంతటవే పోతాయి.

డెమోడెక్స్ వేరు. పుట్టిన మొదటి రోజుల్లో తల్లి పాలు తాగుతున్నప్పుడే ఈ పురుగు పిల్లకు చేరుతుంది, మనుషులకు అంటదు. రెండు మూడు మచ్చలే ఉంటే చాలా పిల్లల్లో కొన్ని నెలల్లో దానంతటదే మానుతుంది. ఒళ్లంతా పాకి, చీము పొక్కులు వచ్చినప్పుడే దురద మొదలవుతుంది. దీన్ని పట్టుకోవడానికి చర్మాన్ని పిండి, సన్నగా రక్తం చెమర్చేదాకా బ్లేడుతో గీకాలి. పైపైన గీకితే దొరకదు. ఈ పరీక్ష చేయకుండా స్టెరాయిడ్ వేయనివ్వొద్దని మళ్లీ చెబుతున్నాం.

గజ్జికి పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించడం మన ఊళ్లలో బాగా అలవాటు. అది ఒక శాతం మందు, ఆవులకు 50 కిలోలకు 1 మిల్లీలీటరు లెక్క. ఆ లెక్కన మూడు కిలోల పిల్లకు 0.06 మి.లీ. పడాలి. మామూలు సిరంజితో అంత తక్కువ కొలవడం సాధ్యం కాదు, ఒక చుక్క ఎక్కువైనా మోతాదు రెట్టింపవుతుంది. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలావాటికి, జర్మన్ షెపర్డ్‌లలో కొన్నింటికి జన్యులోపం వల్ల ఈ మందు మెదడులోకి చేరి కళ్లు కనపడకపోవడం, తూలడం, కోమా వస్తాయి. అమిట్రాజ్ ద్రావణంతో కడగడం కూడా నాలుగు నెలల లోపు పిల్లలకు పనికిరాదు.

ఇవి మాత్రం ఎప్పుడూ పూయొద్దు: పత్తి, మిరప చేలకు కొట్టే పురుగుమందు, పశువుల పిడుదుల మందు ‘కొంచెం కలిపి’, కాలిన ఇంజిన్ ఆయిల్, కిరోసిన్, ఫినాయిల్. పత్తి మందుల్లో చాలావి ఒక పిల్లను గంటల్లో చంపగలవు. ఇప్పటికే పూసి ఉంటే, చొంగ కారడం, కండరాలు అదరడం, వాంతులు, విరేచనాలు కనిపించినా కనిపించకపోయినా, గ్లౌజులు వేసుకుని గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగి, మందు డబ్బా వెంట పట్టుకుని దవాఖానకు పరుగెత్తండి. డబ్బా మీది పేరు చూస్తేనే డాక్టర్ సరైన విరుగుడు ఎంచుకోగలరు.

పురుగులు లేకపోతే

పొట్ట మీద చిన్న చీము పొక్కులు, నాణెమంత వలయాలుగా అంచు పొట్టు లేచిన మచ్చలు బ్యాక్టీరియావి. జిడ్డుగా, ముక్కిపోయిన వాసనతో, మెడ కింద, చంకల్లో, వేళ్ల మధ్య గోధుమ రంగు తేలితే ఈస్ట్. ఇవి ఎక్కువగా ఫ్లీలో అలర్జీయో తెచ్చిపెట్టిన రెండో జబ్బులు, కాబట్టి వీటికి వైద్యం చేస్తూనే అసలు కారణం కోసం వెతుకుతూ ఉండాలి. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ వారానికి రెండుసార్లు వాడేటప్పుడు నురగను పది నిమిషాలు ఒంటి మీద ఉంచాలి. రెండు నిమిషాల్లో కడిగేసి గుణం లేదనడమే ఎక్కువగా జరుగుతుంది. పిల్ల వణకకుండా గోరువెచ్చని నీళ్లు వాడి, వెంటనే తుడవండి. మనుషుల సబ్బులు, షాంపూలు కుక్క చర్మానికి పడవు, ఎండగొట్టి దురద పెంచుతాయి.

గుండ్రంగా వెంట్రుక ఊడి, బూడిద లాంటి పొట్టు ఉంటే తామర. ఇంట్లో చిన్నపిల్లలను దాన్ని ముట్టుకోనివ్వకండి. వుడ్స్ లాంప్ (తామరను వెతకడానికి డాక్టర్లు వాడే అతినీలలోహిత దీపం) కింద మెరవకపోయినా తామర ఉండొచ్చు, వెంట్రుకలు ల్యాబ్‌కు పంపి కల్చర్ చేయించాలి.

కాళ్లు మాత్రమే నాక్కుంటుంటే వేళ్ల మధ్య చూడండి: పల్లేరు కాయ, గడ్డి ముల్లు దిగి ఉండొచ్చు. ఎప్పుడూ తడి మట్టిలో ఉండే పిల్లకు కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచి దూరి మంట పుట్టిస్తాయి. నట్టల మందు వేసి, ఆ చోటు ఆరబెట్టండి. రోజూ ఫినాయిల్‌తో తుడిచే బండల మీద పడుకునే పిల్లకు పొట్ట, పాదాలు ఎర్రబడితే వారం రోజులు ఉత్త నీళ్లతో తుడిచి చూడండి. చెలకల్లో, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ తగిలినా ఇదే తీరు. దూలగొండి నూగు అంటితే దురద ఒక్కసారిగా, పిచ్చెత్తినట్టు వస్తుంది. దువ్వొద్దు, రుద్దొద్దు, ధారగా నీళ్లు పోసి కడగండి.

దవాఖానలో అడగాల్సినవి మూడు: చర్మం గీకి పరీక్ష, టేపు లేదా గాజు పలక మీద అద్ది సూక్ష్మజీవుల పరీక్ష, తామర అనుమానముంటే వెంట్రుకల పరీక్ష. ఊళ్లో మైక్రోస్కోపు లేకపోతే వరంగల్ వైపు వాళ్లకు మామునూరులో, జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లకు కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వేసిన మందుల పేర్లు, తేదీలు, మచ్చల ఫోటోలు, రోజూ సున్నా నుంచి పది దాకా మీరు వేసుకున్న దురద మార్కులు వెంట తీసుకెళ్లండి.

తిండి మీదికి అనుమానం వచ్చినప్పుడు

మూడు నెలలు పురుగుల మందు తప్పకుండా వేసి, చర్మం ఇన్ఫెక్షన్ తగ్గించాక కూడా దురద అలాగే ఉంటే, ముఖ్యంగా చెవులు మాటిమాటికీ పాడవుతూ, విరేచనం పలుచగా రోజుకు మూడుసార్లకు మించి అవుతుంటే, తిండిని అనుమానించాలి. కొత్తగా పెట్టినదే కారణమనుకోవద్దు. నెలల తరబడి తింటున్న కోడి, పాలు, పెరుగన్నం, గోధుమ బిస్కెట్లే ఎక్కువగా దోషులు. రక్త పరీక్షతో తిండి అలర్జీ నమ్మకంగా తేలదు. ఎనిమిది వారాల పథ్యమే పరీక్ష.

పథ్యానికి రెండు దారులు. డాక్టర్ రాసే హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ ఫీడ్ (మాంసకృత్తులను ఒళ్లు గుర్తుపట్టనంత చిన్న ముక్కలు చేసిన దాణా) ఒకటి. పిల్ల ఇంతవరకు తినని మాంసం, ఉదాహరణకు ముళ్లు తీసిన చెరువు చేప, దానితో కందగడ్డ (చిలగడదుంప) ఉడికించి పెట్టడం రెండోది. ఇంటి వంటలో క్యాల్షియం, విటమిన్లు సరిపడా ఉండవు. ఎదిగే పిల్లకు రెండు వారాలకు మించి ఇలా పెట్టాలంటే వాటి మోతాదు డాక్టర్‌తో లెక్క కట్టించాల్సిందే, లేకపోతే ఎముకలు వంగుతాయి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు. పథ్యం చెడేది ఎక్కువగా ఇంట్లో వాళ్ల వల్లే: పెద్దమ్మ పడేసే రొట్టె ముక్క, పిల్లాడు తినిపించే బిస్కెట్, కోడి రుచి కలిపిన నట్టల మాత్ర. ఒక్క ముక్కకైనా దురద తిరగబెట్టి, అప్పటిదాకా చేసిన పరీక్ష అర్థం లేకుండా పోతుంది. కాబట్టి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

ఎనిమిది వారాల్లో దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాల లోపు దురద తిరిగొస్తే తిండే కారణం. అప్పుడు కోడి, పాలు, గోధుమ ఒక్కోటి విడిగా, రెండేసి వారాలు పెట్టి ఏది పడదో తేల్చుకోవచ్చు. పథ్యంతో ఏ మార్పూ రాకపోతే, పిల్ల ఆరు నెలలు దాటి ఉంటే, దుమ్ములోని పురుగులు, పుప్పొడి వల్ల వచ్చే అటోపి అలర్జీ మిగులుతుంది. అది సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య మొదలై జీవితాంతం అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు. దీనికి వాడే ఒక్లాసిటినిబ్ మాత్ర 12 నెలలు నిండిన కుక్కలకే. అంతకు ముందైతే స్నానాలు, ఫ్లీ మందు, ఇన్ఫెక్షన్ల అదుపు, డాక్టర్ కొలిచి ఇచ్చే కొద్దిరోజుల మందులతో నెట్టుకురావాలి.